పోస్టర్ మీద టెక్నో అని రాపిచ్చిన మేనకోడలికి

బిడ్డా,

నిన్న పొద్దుగూకంగ మీ అమ్మ ఫోన్ చేసింది. గచ్చిబౌలిల ఏదో పబ్బుల వచ్చే నెల నువ్వు డీజే వాయిస్తవట, పోస్టర్ గూడ పడ్డదట. "నువ్వే చెడగొట్టినవ్ రా దాన్ని" అన్నది. సప్పుడు చెయ్యకుంట ఇన్న. ఫోన్ పెట్టినంక గడియారం సెంటర్ల చాయ్ తాగుకుంట ఆ పోస్టర్‌నే మళ్ల మళ్ల పెద్దగ చేసి చూసుకున్న. చాయ్ పోసేటాయనకు గూడ చూపిచ్చిన. మంచిగున్నవ్. జుట్టు ఎందుకు కత్తిరిచ్చినవో తర్వాత మాట్లాడుదం.

నా గుబులు వేరే ఉన్నది. పోస్టర్ మీద టెక్నో అని ఉన్నది. టెక్నో, హౌస్, ట్రాన్స్ అన్నీ మిషన్ల మీద చేసే డ్యాన్స్ సంగీతమే గానీ దేని తీరు దానిది. నువ్వు వాట్సాప్‌ల పంపిన గంట మిక్స్‌ల టెక్నో లేదు. ముప్పావు గంట టెక్ హౌస్, ఆఖరికి కొంచెం ప్రోగ్రెసివ్ హౌస్. టెక్నో కోసం వచ్చినోళ్లు మొఖం మాడ్చుకుంటే మాడ్చుకోనియ్, అది వాళ్ల ఇష్టం. నువ్వేం వాయిస్తున్నవో నీకే తెల్వకపోతే ఆ రాత్రిని ఎటు తీస్కపోవాల్నో తెల్వక నడుమల ఆగమైతవ్. అదీ నా భయం.

పెన్‌డ్రైవ్‌లు రెండు పెట్టుకో. హెడ్‌ఫోన్ నీదే తీస్కపో. ముందుగాల పోయి సౌండ్ చూసుకో. పైసలు సగం ముందే అడుగు. ఇవి ఎవరైనా చెప్తరు.

హౌస్‌కైనా టెక్నోకైనా కిక్, అంటే కింద "దుమ్" అనే పెద్ద డ్రమ్ము దెబ్బ, ఒక్కతీర్గనే పడ్తది, నాలుగు దెబ్బలకు నాలుగు. చానమంది ఆడనే ఆగిపోయి రెండూ ఒకటే అనుకుంటరు. కిక్‌ను ఇడిసిపెట్టి దాని నడుమ ఏమున్నదో ఇను. హౌస్‌ల రెండు కిక్‌ల మధ్యన హై హ్యాట్, అంటే డ్రమ్ముల కాడి తాళాల జోడు, "త్స్" అని తెర్చుకుంటది. రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద చప్పట్లు పడ్తయి. బాసు ఒక పాట పాడుతది, మీద పియానోనో ఆర్గనో ఉంటది, మనిషి గొంతు వస్తది. డిస్కో కడుపుల పుట్టింది గద, గందుకే అంత మనుషుల వాసన. షికాగోల వేర్‌హౌస్ అనే క్లబ్బుల ఫ్రాంకీ నకల్స్ అనే డీజే 1977 నుంచి 1982 దాక వాయించిండు, ఆ క్లబ్బు మీదికెళ్లే హౌస్ అనే పేరు వచ్చిందంటరు. టెక్నో డెట్రాయిట్‌ది, కార్ల ఫ్యాక్టరీల పట్నం. జువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అని ఒకే బడిల చదువుకున్న ముగ్గురు దోస్తులు 1980లల్ల దాన్ని నిలబెట్టిన్రు. అండ్ల గొంతు తక్కువ, పాట తక్కువ. ఒక్క చిన్న చప్పుడు పట్టుకుని దాన్నే మెల్లెగ తెరుసుడు, మూసుడు. ఇప్పటి టెక్నోల చానసార్లు బాసుకు సొంత పాట ఉండదు, కిక్ తోకనే సాగి బాసు అయితది.

మరి టెక్ హౌస్ అంటే? నడక హౌస్‌ది, చప్పుడు టెక్నోది. కానీ దాని బాసుల గునుసుకునే ముక్క ఒకటి ఉంటది. నీ మిక్స్‌ల ఇరవై నిమిషాలు దాటినంక ఒకటి వస్తది సూడు, "గుం గుగుం గుం", పొద్దున పండ్లు తోముకుంటుంటే నా నోట్లె అదే ఆడింది. అది టెక్నో ఎట్లయితది?

ఇగ అసలు సంగతి. నీకు కోపమొస్తదని ఇన్నేండ్లు ఎత్తలేదు. హాలియాల మీ అన్న పెండ్లి బరాత్ యాదికున్నదా?

నువ్వు ఇంటర్ చదువుతున్నవ్. డీసీఎం మీద నా సౌండే, లాప్‌టాప్ నీది. ముందట డప్పులు, నడుమ మీ అన్న దోస్తులు, ఎనక ఆడోళ్లు. జానపదం డీజే పాట నడుస్తున్నది, రోడ్డంతా తీన్మార్. నువ్వు స్క్రీన్ చూసినవ్, 140 బీపీఎం అని ఉన్నది, అంటే నిమిషానికి 140 దెబ్బలు. నీ దగ్గర కొత్తగ దింపుకున్న డబ్‌స్టెప్ గూడ 140. నంబరు కలిసింది గద అని గీత మీద గీత పెట్టి కలిపినవ్. కలుపుడుల తప్పు లేదు, మిల్లీసెకండ్ జరగలే. అయినా రోడ్డు మీద కాళ్లన్నీ ఒక్కసారే ఆగినయ్. లేపిన చెయ్యి లేపినట్టే ఉంచి మీ అన్న దోస్తుడు ఒకడు ఎటు దించాల్నో తెల్వక నిలబడ్డడు. మీ నాయనమ్మ నా దగ్గరికొచ్చి "స్పీకర్ కాలిందా కొడకా?" అని అడిగింది. ఆ బాసు గుర్రుమంటుంటే నిజంగ కాలిన స్పీకర్ లెక్కనే ఉండె, ఆమెననేదేముంది.

ఏమైందంటే, డబ్‌స్టెప్‌ల గడియారం 140 చూపిస్తది గానీ స్నేర్, అంటే ఫట్టుమనే చిన్న డ్రమ్ము, మూడో దెబ్బ మీద ఒక్కసారే పడ్తది. ఒళ్లు దాన్ని 70 అనే పట్టుకుంటది. 2000 తర్వాత దక్షిణ లండన్‌ల, క్రాయిడన్ దిక్కు పుట్టిన సంగీతం అది. చీకటి రూముల నిలబడి బాసును ఛాతీతోని ఇనేటోళ్లది. హాలియా రోడ్డు మీద కాళ్లెగరేసేటోళ్లకు దాంట్ల సగం దెబ్బలు మాయం. మళ్ల ఎట్ల నిలబడ్డది? డప్పు కొట్టే పెద్దాయన ఒకాయన తల ఒక పక్కకు వంచి కొంచెంసేపు ఇన్నడు. నీ స్నేర్‌కూ స్నేర్‌కూ నడుమ దొరికిన జాగాల చిర్రతోని దరువు నింపిండు. అంతే, కాళ్లు కదిలినయ్. నువ్వు బండి ఎనక కూసోని ఏడుస్తుంటివి గనుక అది చూడలే. ఆయన సంతోషంగ కొట్టిండు బిడ్డా, నీ పాట మీదనే కొట్టిండు.

నంబరు నమ్మకు అని చెప్పేది గిందుకే. సైట్రాన్స్ 140కి వస్తది, డబ్‌స్టెప్ వస్తది, లండన్ ర్యాప్ గ్రైమ్ వస్తది, ఇప్పటి టెక్నో గూడ వస్తది. మన దగ్గర వాడకట్టు చివర డప్పు మోగితే అది చావు దరువో పెండ్లి దరువో ఇంట్ల మంచం మీదున్న ముసలమ్మ చెప్తది. ఆమె ఎన్నడన్న బీపీఎం లెక్కపెట్టిందా? దెబ్బ ఎక్కడ పడ్డది, ఎక్కడ పడలేదు, అంతే ఇంటది.

జంగిల్, డ్రమ్ అండ్ బేస్ తేలిక, 160 నుంచి 180 దాక ఉరుకుతయి, డ్రమ్ములు ముక్కలు ముక్కలు. విన్‌స్టన్స్ అనే బృందం 1969ల చేసిన రికార్డుల గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆరేడు సెకండ్ల ముక్కనే వేల పాటలల్ల కోసి కోసి వాడిన్రు. ఆ ముక్క బాగ నలిగి మీద రెగ్గే గొంతు వస్తే జంగిల్, శుభ్రంగ సాపుగ ఉరికితే డ్రమ్ అండ్ బేస్ అనుకో. నువ్వెట్లాగు వాయించవు, ఇడిసిపెట్టు.

ట్రాన్స్ కాడ మాత్రం నేను ఆగలేను. 1990లల్ల నేను గోవాల అంజున బీచ్ కాడ స్పీకర్లు మోసిన సంగతి మీ అమ్మకు గూడ పూర్తిగ తెల్వదు, చెప్పకు. ఆ ఎండకు రికార్డులు వంగిపోతుండె, గందుకే డీజేలు డాట్ అనే చిన్న డిజిటల్ క్యాసెట్ల మీద వాయిస్తుండ్రి. క్యాసెట్ల వేగం జరిపి దెబ్బకు దెబ్బ కలుపుడు కుదరదు. గందుకే ఆనాటి గోవా ట్రాన్స్ పాటలకు మొదలు, ఆఖరు దెబ్బ లేని చప్పుడు చానసేపు ఉంటది, ఆడ ఒకదాంట్లకు ఒకటి జారిపోవాలె. నడుమ రాగాలు రాగాలుగ పెనవేసుకుని పైకి పోతుంటది. దాని కడుపుల పుట్టిన సైట్రాన్స్‌ల రాగం సన్నబడ్డది, బాసు పెద్దరికం తీస్కున్నది. కిక్ పడ్డంక మిగిలిన జాగాల మూడు బాసు దెబ్బలు, "డుం గ గ గ, డుం గ గ గ", రాత్రంతా ఆగదు. ఫ్రాంక్‌ఫర్ట్ దిక్కు పెరిగిన మామూలు ట్రాన్స్‌ల కిక్ మొత్తమే ఆగిపోతది, తీగెలు పైకి పైకి లేస్తయి, జనం చేతులు లేపుతరు, అప్పుడు కిక్ తిరిగొస్తది. నీ మిక్స్ ఆఖరున ఉన్నదాన్ని నువ్వు ట్రాన్స్ అని రాసినవ్. కిక్ ఒక్కపారి గూడ పూర్తిగ ఆగలే, బాసు హౌస్ నడకే నడిచింది. అది ప్రోగ్రెసివ్ హౌస్, నీ మిక్స్ మొత్తంల నాకు నచ్చింది గూడ అదే.

ఎవడన్న యాసిడ్ హౌస్ ముచ్చట తీస్తే చరణ్‌జిత్ సింగ్ పేరు చెప్పు. బొంబాయిల సినిమా పాటలకు వాయించేటాయన, 1982లనే రోలండ్ కంపెనీ 808 డ్రమ్ము మిషన్, 303 బాసు మిషన్ పెట్టుకుని డిస్కో దరువు మీద పది రాగాలు రికార్డు చేసిండు. షికాగోల యాసిడ్ పేరుతోని పాట బయటికొచ్చింది 1987ల. అయినా దాన్ని యాసిడ్ హౌస్ అని మాత్రం అనకు. మిషన్ ఒకటే, పని వేరు. ఆయన 303తోని రాగం పాడిచ్చిండు, షికాగో పోరగాండ్లు దాని గుండీలు తిప్పి కీచుమనిపిచ్చిన్రు. ఈ మాట మీద నాతోని కొట్లాడేటోళ్లు ఉన్నరు, ఉండనియ్.

నీది ఓపెనింగ్ సెట్ గద. డీప్ హౌస్‌తోని షురూ చెయ్యి, మెత్తగ మెల్లెగ పోయే హౌస్ అది, 118 నుంచి 122 బీపీఎం. ఎనక వచ్చేటాయన వాయించేది నువ్వే ముందు వాయిస్తే ఆయనకేం మిగుల్తది?

ఇప్పుడు అన్నిటికన్న ముఖ్యమైంది. చెవులల్ల ప్లగ్గులు పెట్టుకో. నా ఎడమ చెవిల హోరు ఏండ్ల సంది ఆగలేదు, రాత్రి ఫ్యాన్ బంద్ చేస్తే ఇంకా పెరుగుతది. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు తట్టుకోవచ్చంటరు, మూడు పెరిగినప్పుడల్లా టైమ్ సగమైతది. 100 కాడ పదిహేను నిమిషాలే. పబ్బుల మానిటర్, అంటే డీజే దిక్కు మలిపిన స్పీకర్, దగ్గర నువ్వుండేది అంతకంటే ఎక్కువసేపు. నంబరు నమ్మకు అన్న గానీ ఈ నంబరు నమ్ము. గ్లాసు కింద పెట్టి పక్కకు పోతే మళ్ల దాన్ని ముట్టకు. పని అయినంక ఎంత మంది దోస్తులున్నా ఆ రాత్రి బండెక్కి నల్లగొండకు బయలెల్లకు. చౌటుప్పల్, చిట్యాల నడుమ తెల్లారుజామున లారీలు ఎట్ల పోతయో నాకెరుక. దోస్తు రూంల పండి, పొద్దున బస్సుల రా.

పోస్టర్ మాత్రం మార్పిచ్చు. టెక్ హౌస్ అని రాయమను, సిగ్గేం లేదు. మీ నాయినతోని నేను మాట్లాడిన, ముందు గొణిగిండు, తర్వాత "లోపటికి మనల రానిస్తరా?" అని అడిగిండు. నీ సెట్ ఎన్ని గంటలకో ఇప్పుడే చెప్పు, బావ తొమ్మిదింటికే పంటడు.

మీ మామ,
నల్లగొండ