ఆఫర్ అయిపోతే అయిపోనీ

చి. శైలజకు, తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు.

అంకెలు, వివరాలు చూసి వాటి సంగతి తేల్చిచెప్పే డేటా ఎనలిస్ట్ పనికి కోర్సు 45 వేలట, ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుందని ఒకటే ఫోన్లట. మీ అమ్మ చెప్పింది. అయిపోనీ. వచ్చే వారం ఇంకోటి పెడతారు.

మూడేళ్ల కిందట మావాడి కోసం నేనూ ఇలాగే తొందరపడ్డాను. ఫీజు నెలనెలా కట్టొచ్చన్నారు కదా అని సంతకం పెట్టేశా. తీరా చూస్తే అది ఫైనాన్స్ కంపెనీ అప్పు. వాడు రెండో నెలలోనే మానేశాడు, నేను మాత్రం పద్దెనిమిది నెలలు కట్టాను. ‘ఉద్యోగం గ్యారంటీ’ అనేవాళ్లను ముందు రీఫండ్ షరతులు రాతలో పంపమను. సగంమంది మళ్లీ ఫోన్ చెయ్యరు.

నువ్వు కోర్సు కంటే ముందు ఉద్యోగం వెతుకు. నీకు నచ్చిన ఉద్యోగాల ప్రకటనలు ఓ ఇరవై తెరిచి, ఏ పని ఎన్నిసార్లు అడిగారో నోటుబుక్కులో గీతలు పెట్టు. ఎక్సెల్, డేటాబేస్‌లోంచి వివరాలు బయటికి తీసే ఎస్‌క్యూఎల్, ఈ రెంటి పక్కన గీతలు బాగా పడతాయి. బీకాం చదివినదానివి, అవి నీకు తొందరగా పట్టుబడతాయి. కంప్యూటరుకే డేటా చూసి నేర్చుకోవడం నేర్పే మెషిన్ లెర్నింగ్ జోలికి ఇప్పుడే వెళ్లకు, మీ ఫ్రెండ్స్ ఏమన్నా సరే.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ అని ఆన్‌లైన్ పాఠాల వేదిక ఉంది. పాఠాలు ఉచితం, డబ్బు కట్టేది పరీక్షకే. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. సెంటరుకి వెళ్లి కూర్చుని రాయాలి కాబట్టి ఆ సర్టిఫికెట్ మీద నాకు గురి.

ఏ కోర్సయినా మొదటి వీడియో చూసి మోసపోకు, అది అందరూ బాగానే తీస్తారు. నాలుగో వారం పాఠం తెరువు. అలిపిరి మెట్లెక్కేటప్పుడు గాలిగోపురం దాకా ఎంత ఆయాసమో తెలుసుగా. కోర్సులోనూ అలా ఆయాసం వచ్చే చోట మాస్టారు ఎలా చెబుతున్నాడో చూడు. అక్కడ చెయ్యి పట్టుకుని నడిపిస్తే చేరిపో. ఒకేసారి రెండు మాత్రం వద్దు.

ఇంకోటి. మీ నాన్న మామిడి మండీలో పాత చీటీలు మూటలకొద్దీ ఉన్నాయి. ఏ రోజు తోతాపురి ఎన్ని టన్నులు వచ్చింది, ఏ ధర పలికింది, ఎవరి బాకీ ఎంత, అన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించు. ఇంటర్వ్యూలో అది తెరిచి చూపిస్తే వాళ్లకు నిన్ను అడగడానికి ప్రశ్నలు దొరుకుతాయి, చెప్పడానికి నీకు జవాబులు ఉంటాయి.

ఆదివారం చిత్తూరు నుంచి పొద్దున బస్సుకే వచ్చెయ్. గత సీజను చీటీలు ఒక కట్ట తీసుకురా. అప్పటిదాకా ఆ ఫోన్ ఎత్తకు.

— మామయ్య