ఊళ్లో అవసరాలుండగా పరదేశ పరిచర్యకు ఇవ్వవచ్చా? ఒక సంఘ కోశాధికారి అనుభవం

ఊళ్లోనే వైద్యానికి డబ్బు లేనివారూ, ఫీజు కట్టలేని పిల్లలూ ఉండగా, కానుకల్లో కొంత భాగాన్ని పరదేశంలో జరిగే సువార్త పరిచర్యకు కేటాయించడం న్యాయమేనా అని, అసలు మన తెలుగు పల్లె సంఘాలకు ఆ స్తోమత ఉన్నదా అని మీరు అడిగారు. ఒంగోలుకు దగ్గరలోని ఒక బాప్టిస్టు సంఘానికి నేను పద్నాలుగేళ్ళు కోశాధికారిగా పనిచేశాను. ఏటా బడ్జెట్టు వేసే రోజున మా సంఘ పెద్దల మధ్య ఈ ప్రశ్న తప్పకుండా వచ్చేది. ఒక ఏడాది దాని మీద రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాము. అందువల్ల కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు స్తోమత సంగతి చెబుతాను. మన సంఘాలు అమెరికా నుంచో కెనడా నుంచో వచ్చే డబ్బుతో బతికేవే తప్ప, తాము ఒకరికి ఇచ్చేవి కావన్న భావన మనలో చాలామందికి ఉన్నది. నెల్లూరులో, ఒంగోలులో, కాకినాడలో మిషన్ కాంపౌండ్లను చూస్తూ పెరిగినవారికి అలా అనిపించడం సహజమే. కానీ 1903లో జాన్ రంగయ్య అనే తెలుగు బోధకుడు నెల్లూరు ప్రాంతం నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు ఓడలో వెళ్ళారు. ఆయనను పంపినది అమెరికన్ మిషన్ కాదు, తెలుగు బాప్టిస్టులు తమ సొంత చందాలతో నడుపుకున్న హోమ్ మిషన్ సొసైటీ. 1860 నుంచి చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా మద్రాసు రేవులో ఓడ ఎక్కి వెళ్ళినవారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు, వారిలో మన బాప్టిస్టు సంఘాల సభ్యులూ ఉన్నారు. పరాయి దేశంలో తమ భాషలో వాక్యం చెప్పే మనిషి లేక, ఒక కాపరిని, అంటే పాస్టరును, పంపమని వారు ఇక్కడి సంఘాలను అడిగారు. రంగయ్య గారు వెళ్ళిన ఆ సంవత్సరం డిసెంబరులోనే కియర్స్నీ తేయాకు తోటల దగ్గర తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1915లో కన్నుమూసేదాకా ఆయన ఆ పనిలోనే ఉన్నారు.

ఆనాడు చందా వేసినవారిలో అత్యధికులు సొంత పొలం లేని కూలివాళ్ళు. వాళ్ళ పల్లెల్లో కరవు లేదా, రోగాలు లేవా? అన్నీ ఉన్నాయి. అయినా సముద్రం అవతల తమవాళ్ళు కాపరి లేక ఉన్నారన్న మాట వాళ్ళకు పట్టింది. బైబిలులోని మాసిదోనియ సంఘాలు తమ నిరుపేదతనంలోనే యెరూషలేములోని పరిశుద్ధుల కోసం చందా పోగుచేసిన సంగతిని కాపరి గారు ప్రసంగించినప్పుడల్లా నాకు ఆ కూలివాళ్ళే గుర్తుకు వస్తారు.

మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్ళేది, ఆరాధన తరువాత స్త్రీల సమాజం వారు ఆ బియ్యాన్ని కొలిచి అమ్మి, వచ్చిన డబ్బును లెక్కలో రాసేవారు. ఇంట్లో గింజలు తక్కువగా ఉన్న రోజుల్లో పిడికిలి చిన్నదయ్యేదేమో గానీ, అమ్మ వేయడం మానడం నేను చూడలేదు. మిజోరంలో 1910లో మొదలైన ఇలాంటి పిడికెడు బియ్యపు అలవాటుతోనే అక్కడి సంఘాలు ఈనాటికీ ఎందరో మిషనరీలను పోషిస్తున్నాయి. ధనికులు కాగితం మీద రాసి ఇచ్చే పెద్ద మొత్తాల కంటే, ఈ చిన్న మొత్తాలే ఏళ్ళ తరబడి నిలుస్తాయని పద్దు పుస్తకం చూసినవాడిగా చెప్పగలను.

ఇక ఊరి అవసరాల సంగతి. పరదేశానికి ఇస్తే ఊరికి తగ్గుతుందని మొదట్లో నేనూ గట్టిగా వాదించాను. పాత పద్దులు వరుసగా తీసి చూశాక నా అభిప్రాయం మారింది. మిషనరీ కానుక ఆగిపోయిన సంవత్సరాల్లో ఊరి సహాయ నిధి పెరగలేదు, గుడి ప్రహరీకీ, మైకు సెట్టుకూ ఖర్చు పెరిగింది. తమ గోడలకు అవతల ఉన్నవారికి ఇవ్వడం మానుకున్న సంఘం గోడల మీదనే ఖర్చు చేస్తుందని ఆ పుస్తకాల్లో నాకు కనిపించింది. అన్ని సంఘాల్లోనూ ఇలాగే జరుగుతుందని నేను అనను, మీ పద్దులను మీరే ఒకసారి పదేళ్ళ వెనక్కు వెళ్ళి చూడండి.

ఊళ్లో చేసే సహాయం గురించి మాత్రం మా ప్రాంతపు చరిత్ర నుంచి ఒక మాట తప్పక చెప్పాలి. 1876 నుంచి 1878 వరకు వచ్చిన మహా కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించారు. కాలువ పని చేస్తూ బాప్తిస్మం అడిగినవారు ఎందరో ఉన్నా, కరవు తీరేదాకా ఆయన ఎవరికీ ఇవ్వలేదు. కూలి కోసం విశ్వాసంలోకి వచ్చారన్న మాట రాకూడదని, తిండికీ విశ్వాసానికీ ముడి పడకూడదని ఆయన ఉద్దేశం. కరవు తగ్గిన తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మనవాళ్ళు గర్వంగా చెబుతారు గానీ, దానికి ముందు ఆయన చూపిన నిగ్రహాన్ని చెప్పేవారు తక్కువ. నాకు సంఖ్య కంటే ఆ నిగ్రహమే గొప్పదిగా అనిపిస్తుంది.

మా సంఘం ఆ నియమాన్నే పాటించింది. 2010 మేలో లైలా తుపాను వచ్చి ఇళ్ళలోకి నీళ్ళు చేరినప్పుడు గుడిలో వంట పెట్టి, కులమతాల ప్రసక్తి లేకుండా ఎవరు వచ్చినా భోజనం పెట్టాము. ఆ నాలుగు రోజులు గుడిలో ప్రసంగం చేయలేదు, కరపత్రాలు పంచలేదు. తిన్నవారిలో ఒక పూజారి కుటుంబం కూడా ఉన్నది. ఆ తరువాత ఆయన మా వీధిలో ఎదురుపడ్డప్పుడల్లా నిలబడి క్షేమం అడిగేవారు.

పరదేశ పరిచర్యలో మా అనుభవం రెండు రకాలుగా ఉన్నది. మొదటిది చేదు అనుభవం. ఒక సంస్థ ప్రతినిధి వచ్చి, ఆఫ్రికాలో అనాథ పిల్లల బడి నడుపుతున్నామని ఫొటోలు చూపితే, మేము రెండేళ్ళు నెలనెలా ఇచ్చాము. రెండో ఏడాది పంపిన నివేదికలో మొదటి ఏడాది ఫొటోలే ఉన్నాయి. పిల్లల పేర్లు అడిగితే జవాబు రాలేదు. ఆపేశాము. ఆ నష్టం కంటే, కుండలో బియ్యం వేసిన ముసలమ్మలకు ఆ సంగతి చెప్పవలసి రావడం నాకు ఎక్కువ బాధ కలిగించింది.

రెండవది నేపాల్‌కు సంబంధించినది. మన దేశంలో బైబిలు శిక్షణకు వచ్చిన ఒక నేపాలీ యువకుడి ఖర్చును మూడేళ్ళు మా సంఘం భరించింది. సెలవుల్లో అతను మా ఊరికి వచ్చి, మా ఇళ్ళలో ఉండి, పచ్చిమిరపకాయ పచ్చడి తినడం నేర్చుకున్నాడు. శిక్షణ ముగిశాక తన కొండ గ్రామానికి కాపరిగా వెళ్ళాడు. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చింది. నేపాల్‌లో వారపు సెలవు శనివారం కాబట్టి సంఘాలు ఆ రోజే ఆరాధిస్తాయి, భూమి కదిలినది సరిగ్గా శనివారం మధ్యాహ్నం వేళ. అతని గుడి గోడ కూలినా మనుషులు బయటపడ్డారు. మా సభ్యులు ఇద్దరు గోరఖ్‌పూర్ దాకా రైలులో వెళ్ళి, అక్కడే టార్పాలిన్లు కొని, సునౌలీ సరిహద్దులో అతని మనుషులకు అప్పగించి వచ్చారు. ఆ టార్పాలిన్లు ముందు గుడి మీద కాక ఊరి ఇళ్ళ మీద పరిచారని అతను ఫోనులో చెప్పినప్పుడు, మేము సరైన మనిషికే ఇచ్చామని అందరికీ తృప్తి కలిగింది.

2021 మేలో కోవిడ్ రెండో విడతలో మా సంఘం ఆరుగురిని పోగొట్టుకున్నది. ఎలా తెలిసిందో గానీ ఆ నేపాలీ కాపరి ఒక శుక్రవారం రాత్రి ఫోను చేసి, చనిపోయినవారి పేర్లు అడిగాడు. మరునాడు తన సంఘంలో ప్రార్థన చేయించడానికి ఒక్కొక్క పేరునూ నా చేత రెండుసార్లు పలికించుకుని, తన లిపిలో రాసుకున్నాడు. ఆ ఆరు పేర్లలో మా అమ్మది ఒకటి.

చట్టం విషయంలో అజాగ్రత్త వద్దు. మన సంఘం సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరై ఉంటే, దాని ఆదాయాన్ని దేశం వెలుపల ఖర్చు చేయాలంటే పన్ను మినహాయింపు పోకుండా ప్రత్యేక అనుమతి కావాలి, విదేశీ మారక నిబంధనలు అదనం. విదేశాల నుంచి విరాళం తీసుకోవడానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, 2020 సవరణ తరువాత అలా వచ్చిన డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. మేము ఆ యువకుడి శిక్షణ ఖర్చు మన దేశంలోనే భరించడానికి ఒక కారణం ఇదే. తీర్మానం రాసే ముందే ఆడిటరును కలవండి.

మొదటి ఏడాది పెద్ద మొత్తం పెట్టకండి. ఊరి సహాయ నిధినీ మిషనరీ నిధినీ వేరు వేరు పుస్తకాల్లో రాయించండి, ఒకదాని లోటు మరొకదానితో పూడ్చవద్దు. మూడు నెలలకు ఒకసారి రెండు లెక్కలనూ ఆరాధన ముగిశాక అందరి ముందు చదివించండి. డబ్బు అందుకునే మనిషిని సంఘంలో కనీసం ఇద్దరైనా ముఖాముఖి ఎరిగి ఉండాలని తీర్మానంలోనే రాసుకోండి. మేము ఆ షరతు పెట్టుకున్నది పాత ఫొటోలు వచ్చిన సంవత్సరం తరువాతే.