ఏడు గంటలకి ఏ మీటింగ్ ఉంది?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఉద్యోగం రాయదుర్గంలో, ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో. రోజూ హాఫ్ దాకా తాగేవాణ్ని. డీ-అడిక్షన్ వార్డులో పది రోజులుండి వచ్చి మూడు వారాలైంది, మళ్లీ ముట్టలేదు. డాక్టర్ చెబితే ఒక ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగ్‌కి వెళ్లాను. చర్చి ఆవరణలో హాలు, అంతా ఇంగ్లీషు, అందరూ నాకన్నా పెద్దవాళ్లు, చివర్లో ప్రార్థన. ఇది మనకు కాదులే అనిపించింది. ఆఫీసువాళ్లు చూస్తారేమోనన్న భయం కూడా ఉంది. నాకు సరిపడే మీటింగ్ ఎలా వెతుక్కోవాలి? మా ఆవిడ తనూ వస్తానంటోంది.

జవాబు: మీరు చూసింది ఒక గ్రూపుని. ఏఏలో ఏ గ్రూపు తీరు దానిదే. అందుకే కనీసం ఆరు మీటింగులు, అవీ వేర్వేరు చోట్ల చూశాక గానీ ఏ నిర్ణయానికీ రావద్దంటాం.

ముందు ఒకటి ఆలోచించుకోండి. సాయంత్రం ఎన్నింటికి నాలుక పీకుతుంది? మీలాంటివాళ్లకు చాలావరకు ఆఫీసు వదిలాక, ఇల్లు చేరేలోపు. మెట్రో దిగాక ఇంటిదారిలో ఎన్ని వైన్స్ ఉన్నాయో మీకే బాగా తెలుసు. మీటింగ్ ఆ వేళకే పడాలి, ఆ దారిలోనే ఉండాలి. మీరెలాగూ అమీర్‌పేటలో రైలు మారతారు కాబట్టి అటువైపు గానీ, దిల్‌సుఖ్‌నగర్ దగ్గర గానీ ఏడు గంటల ప్రాంతంలో ఏముందో చూడండి. సికింద్రాబాద్ అవతల ఎంత మంచి గ్రూపున్నా, వారం రోజులు ట్రాఫిక్‌లో నలిగితే ఎనిమిదో రోజు మానేస్తారు. ఆదివారం మధ్యాహ్నానికి విడిగా ఒకటి చూసుకోండి. దావత్‌లన్నీ ఆ పూటే కదా.

ఏఏ హెల్ప్‌లైన్‌కి గానీ, గ్రూపు నంబర్‌కి గానీ ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి: ఏ భాషలో మాట్లాడతారు, ఓపెన్ మీటింగా (ఎవరైనా రావచ్చు) క్లోజ్డ్ మీటింగా (తాగుడు మానాలనుకునేవాళ్లకే), మామూలుగా ఎంతమంది వస్తారు, ఏడాదికి పైగా తాగకుండా ఉన్నవాళ్లు అందులో ఎందరు. ఈ చివరిది మొహమాటపడి వదిలేయకండి. అందరూ నిన్నగాక మొన్న మానేసినవాళ్లయితే దారి చూపే మనిషి దొరకడు. హాళ్లూ వేళలూ మారుతుంటాయి గనక, జాబితాలో ఉన్నా బయల్దేరే ముందు మరోసారి కనుక్కోండి.

చర్చి హాలు సంగతి. గ్రూపులు గది అద్దెకు తీసుకుంటాయి. చర్చిలు, స్కూళ్లు తక్కువకిస్తాయి, అంతే. ఏఏ ఏ మతానికీ చెందింది కాదు. తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో దేవుడి మాట వచ్చినా, మూడో, పదకొండో మెట్లలో ‘మేం అర్థం చేసుకున్న విధంగా’ అని ఉంటుంది. మీ ఇలవేల్పును తలచుకున్నా సరే, ప్రార్థనప్పుడు ఊరికే నిలబడ్డా సరే. అదీ మింగుడు పడకపోతే దేవుడి ప్రస్తావన లేని స్మార్ట్ రికవరీ ఆన్‌లైన్ మీటింగులున్నాయి.

ఆఫీసువాళ్ల భయముంటే క్లోజ్డ్ మీటింగులకే వెళ్లండి. తాగుడు మానాలనుకునేవాళ్లు తప్ప అక్కడికి ఇంకెవరూ రారు. తెలిసిన మొహం కనిపించినా, అతనూ మీ పని మీదే వచ్చుంటాడు. పూర్తి పేరు చెప్పక్కర్లేదు. వాట్సాప్ గ్రూపులో చేరమంటే మాత్రం జాగ్రత్త, మీ ఫొటో, పేరు, నంబరు అందరికీ కనిపిస్తాయి.

పది నిమిషాలు ముందే వెళ్లండి. ‘ఇవాళ వినడానికొచ్చాను’ అంటే మాట్లాడమని ఎవరూ బలవంతపెట్టరు. ఫీజు ఉండదు. బుట్టో డబ్బానో తిప్పుతారు గానీ కొత్తవాళ్లు వెయ్యక్కర్లేదు. అయిపోగానే పరిగెత్తకండి, టీ తాగేటప్పుడే అసలు పరిచయాలు. ఇద్దరి నంబర్లైనా తీసుకుని, మర్నాడు సాయంత్రం నాలుక పీకకముందే ఒకరికి ఫోన్ చేయండి. తర్వాత స్పాన్సర్‌ని, అంటే ఈ దారిలో మీకు తోడుండే పాత సభ్యుణ్ని ఎంచుకునేటప్పుడు ఏడాది దాటినవాణ్నే, మగవాణ్నే ఎంచుకోండి.

తొంభై రోజుల్లో తొంభై మీటింగులని చెబుతారు. ఈ ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ అది కష్టమే. వారానికి మూడు నేరుగా వెళ్లి, మిగతా రోజులు ఆన్‌లైన్‌లో కూర్చున్నా మంచిదే. కెమెరా ఆపేసి మంచమ్మీద పడుకుని వింటే మాత్రం లెక్కలోకి రాదు!

ఎవరైనా అప్పడిగినా, ఫలానా సెంటర్‌లో చేరమని పదేపదే చెప్పినా, డాక్టరిచ్చిన మాత్రలు పారేయమన్నా ఆ గ్రూపు వదిలేసి ఇంకోటి చూసుకోండి. మాత్రల విషయంలో డాక్టర్ మాటే వినమని ఏఏ కూడా చెబుతుంది. మీకిచ్చింది డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర) అయితే, ఆ మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా మద్యం ముట్టుకుంటే ప్రమాదమే. ఆల్కహాల్ కలిసిన దగ్గు సిరప్‌లు, హోమియో చుక్కలు కూడా డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు.

మీ ఆవిడ ఓపెన్ మీటింగ్‌లకు రావచ్చు. ఆవిడ కోసమే అల్-ఆనాన్ అని కుటుంబసభ్యుల మీటింగులు వేరే ఉన్నాయి. అక్కడ మీ తాగుడు గురించి కాదు, ఆవిడ మనసు గురించి మాట్లాడుకుంటారు. వస్తానంటున్నప్పుడే ఆ నంబరు ఇచ్చేయండి.

మధ్యలో ఒకరోజు తాగేస్తే, మొహం చెల్లక మీటింగ్ మానేసేవాళ్లే ఎక్కువ. మీరు మర్నాడే వెళ్లి వెనక వరసలో కూర్చోండి. వరసగా చాలా రోజులు తాగి ఉంటే మాత్రం, ఒక్కసారిగా ఆపి మీటింగ్‌కి పరిగెత్తొద్దు. ఆపిన 6 గంటల నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి చలించి కలవరింతలు మొదలై ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టర్ దగ్గరికి, లేదా ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థకి వెళ్లండి. ఫిట్స్ వస్తే 108కి చేయమని ఇంట్లో చెప్పి ఉంచండి. అర్ధరాత్రి మాట్లాడే మనిషి కావాలంటే 14416కి చేయండి, టెలీ-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులో పలుకుతారు.