వినైల్ ప్లాంకుల కింద ఫోమ్ వేయించాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. కింది అంతస్తులో రెండు గదులకు, పాత మొజాయిక్ గచ్చు మీదే, ఒకదానిలో ఒకటి బిగుసుకునే వినైల్ ప్లాంకులు వేయిద్దామనుకుంటున్నాము. అడుగున మూడు మిల్లీమీటర్ల ఫోమ్ పరిస్తే కాలికి మెత్తగా ఉంటుందని, నెమ్ము కూడా రాదని దుకాణదారు చెబుతున్నారు. ప్లాంకు వెనుక ఇప్పటికే ఒక పొర అంటించి ఉంది కాబట్టి ఇంకేమీ అక్కరలేదని మా మరిది అంటున్నారు. ఎవరి మాట వినాలి? మేడ మీది గదికి కూడా ఇదే పద్ధతా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఫోమ్ విషయంలో మీ మరిదిగారి మాట సరైనది, నెమ్ము విషయంలో ఇద్దరి మాటా చాలదు. వెనుక పొర ఉన్న ప్లాంకు కింద మరో మెత్తటి పొర వేస్తే, అడుగు పడినప్పుడల్లా ప్లాంకు కిందికి వంగి, సన్నని లాక్ అంచులు విరుగుతాయి. చాలా కంపెనీలు ఆ కారణంగానే వారంటీ ఇవ్వవు. వెనుక పొర లేని రకమైతే వినైల్ కోసమే తయారైన, ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల గట్టి షీటు చాలు. ఎత్తుపల్లాలను ఏ ఫోమూ సరిచేయదు. మేస్త్రి చేత పొడవాటి పట్టె పెట్టించి చూసి, మూడు మీటర్లలో సుమారు ఐదు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ముందు లెవెలింగ్ చేయించండి.

ఇక నెమ్ము సంగతి. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీటును గచ్చు మీద, ఒక అతుకు కూడా దాని కిందికి వచ్చేలా పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి, కనీసం 16 గంటల తరువాత ఎత్తి చూడండి. అడుగున నీటి బిందువులు కనబడినా, గచ్చు రంగు ముదిరినా నేల నుంచి చెమ్మ వస్తున్నట్లే. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో ఈ పరీక్ష చేసి నిశ్చింతగా ఉండకండి; మన డెల్టాలో కాలువకు నీరు వదిలి, చేలు నిండి, వానలు పట్టిన తరువాతే భూగర్భజలం గచ్చుకు దగ్గరవుతుంది. ప్లాంకులు అమ్మేవారు ఆగమనరు గానీ, శ్రావణం దాకా ఆగడమే మంచిది.

చెమ్మ ఆవిరిగా మాత్రమే వస్తుంటే, ప్లాంకు కంపెనీ సూచనలు అనుమతించిన పక్షంలో, 150 మైక్రాన్ల పాలిథిన్ షీటును అతుకుల దగ్గర 20 సెంటీమీటర్లు ఒకదానిపై ఒకటి వచ్చేలా పరిచి, టేపు వేసి, అంచులను స్కర్టింగ్ వెనుకకు కొద్దిగా మడిపించండి. ఇది మెత్తదనమిచ్చే పొర కాదు కనుక లాక్‌లకు ఇబ్బంది లేదు. అలా కాక, అతుకుల్లోంచి నీరే ఊరుతున్నా, గోడల అడుగున ఉప్పు తేలి సున్నం రాలుతున్నా, షీటు ఆ నీటిని కప్పిపెడుతుందే తప్ప ఆపదు. వినైల్ చెడకపోయినా దాని కింద బూజు పట్టి గదంతా ముక్క వాసన వేస్తుంది. అప్పుడు ఇంటి చుట్టూ వాననీరు పోయే దారి చూసి, గోడలకు నెమ్ము నిరోధక పని చేయించేదాకా మొజాయిక్‌తోనే సరిపెట్టుకోండి.

మేడ గదికి నేల చెమ్మ బెడద లేదు కాబట్టి పాలిథిన్ అవసరం ఉండదు. అక్కడ చూసుకోవలసింది కింది గదిలోకి దిగే అడుగుల చప్పుడు. అందుకు వెనుక కార్క్ (బెరడు) లేదా ఐఎక్స్‌పీఈ (ఒక రకం దట్టమైన ఫోమ్) పొర ఉన్న ప్లాంకునే ఎంచుకోండి.