కార్న్ స్నేక్‌ని ఇంటికి తెచ్చే ముందు దాని పెట్టె ఎలా సిద్ధం చేసుకోవాలి?

మీ ప్రశ్న చదివాను. పదకొండేళ్ళ మీ అబ్బాయి కార్న్ స్నేక్ (విషం లేని, ఇళ్ళలో పెంచుకునే పాము) కావాలని చాలాకాలంగా అడుగుతున్నాడు. ఫ్రిస్కోలో అద్దె ఇంట్లో ఉంటున్నారు. పెట్ స్టోర్‌లో 20 గ్యాలన్ల గాజు ట్యాంకు, హీట్ రాక్, ఎర్ర బల్బు కలిపి ఒక కిట్ చూపించారు. పామునీ కిట్‌నీ ఒకేసారి ఈ వారాంతం తెచ్చేయొచ్చా అని అడిగారు. వేసవికి మీ అత్తగారూ మామగారూ కాకినాడ నుంచి వస్తున్నారని కూడా రాశారు.

ఈ వారాంతం పెట్టెకి కావలసినవి మాత్రమే తెచ్చుకోండి. పాముని ఇంకో రెండు వారాలు ఆగి తెచ్చుకోండి. నేను కూడా టెక్సాస్‌లోనే ఉంటాను. మా అమ్మాయి కోసం 2020లో కార్న్ స్నేక్ పిల్లని తెచ్చాం, పేరు మందారం. ఇన్నేళ్ళలో నేను గమనించింది ఒక్కటే: పాము తినకపోయినా, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడినా, రోజంతా గాజుకి ముక్కు రాసుకుంటూ తిరిగినా, ముందుగా చూడాల్సింది పెట్టెనే. పాముకి ఒంట్లో వేడి పుట్టదు. తిన్నది అరగాలన్నా, జబ్బు తట్టుకోవాలన్నా వేడి బయటినుంచి రావాలి. ఆ వేడి పెట్టెలో ఒకవైపు ఉండాలి, రెండోవైపు ఉండకూడదు. అప్పుడే అది తనకి కావలసిన చోటు వెతుక్కుంటుంది. ఈ ఒక్క ఏర్పాటు కుదరడానికే కొన్ని రోజులు పడుతుంది. పాము లోపల ఉండగా ఆ ప్రయోగాలు చేయకూడదు.

కిట్‌లోని హీట్ రాక్‌ని వాడకండి. లోపల కాయిల్ ఉన్న ఆ రాయి ఒకచోట మామూలుగా, ఇంకోచోట విపరీతంగా వేడెక్కుతుంది. పాముకి పొట్ట కింద కాలుతున్నా చాలాసార్లు పక్కకి జరగదు, అక్కడే చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. కాలిన గాయాలకి వెట్ (జంతువుల డాక్టరు) దగ్గరికి వచ్చే పాముల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. ఎర్ర బల్బు కూడా అక్కర్లేదు. రాత్రంతా వెలుగు ఉంటే దానికి పగలూ రాత్రీ తేడా పోతుంది.

వేడికి రెండు మంచి దారులున్నాయి. పగటిపూట పైనుంచి హాలోజెన్ బల్బు పెట్టడం ఒకటి, ట్యాంకు అడుగున బయటివైపు హీట్ మ్యాట్ అంటించడం రెండోది. పెద్ద పెట్టెకి నా ఓటు హాలోజెన్‌కే, ఎందుకంటే ఎండ పడినట్టు పైనుంచి వేడి దిగుతుంది. పిల్ల పాము ఉండే చిన్న ట్యాంకుకి మ్యాట్ సరిపోతుంది. ఏది పెట్టినా, వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ తప్పనిసరి. దీనికి మినహాయింపు లేదు. థర్మోస్టాట్ లేని మ్యాట్ 120 డిగ్రీల ఫారెన్‌హీట్ కూడా దాటిపోగలదు. మ్యాట్‌కి మామూలు ఆన్-ఆఫ్ థర్మోస్టాట్ చాలు, హాలోజెన్‌కి మాత్రం వెలుతురుని తగ్గిస్తూ పెంచుతూ నడిపే డిమ్మింగ్ రకం తీసుకోండి. బల్బు పెట్టె లోపల ఉంటే చుట్టూ జాలీ ఉండాలి. కార్న్ స్నేక్ దేన్నైనా ఎక్కేస్తుంది.

థర్మోస్టాట్‌కి వేడి ఎంతుందో చెప్పే తీగని ప్రోబ్ అంటారు, దాన్ని ఎక్కడ పెట్టాలన్నది చాలామందికి ఎవరూ చెప్పరు. మ్యాట్ వాడితే, ప్రోబ్‌ని బయటే మ్యాట్‌కీ గాజుకీ మధ్య పెట్టి టేప్‌తో గట్టిగా అంటించండి. లోపల పెడితే పాము దాన్ని లాగేస్తుంది, లేదా దానిమీద నీళ్ళ గిన్నె ఒలకబోస్తుంది. చల్లబడిన ప్రోబ్ చూసి థర్మోస్టాట్ వేడి పెంచుకుంటూ పోతుంది. బయట పెట్టాక, లోపల గాజు మీద పరిచిన చెక్క తురుము కాస్త తొలగించి, దూరం నుంచే వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలవండి. వేడి వైపు నేల 88 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు రావాలి. రెండో చివర 75 నుంచి 80 మధ్య ఉంటే చాలు, రాత్రి 70కి దిగినా ఇబ్బంది లేదు. మన టెక్సాస్ ఇళ్ళలో ఏసీ 75, 76 దగ్గర నడుస్తుంది కాబట్టి చల్లటి వైపు దానంతటదే కుదురుతుంది. గాజుకి అంటించే గుండ్రటి డయల్ మీటర్లని నమ్మకండి, డిజిటల్‌వి రెండు తీసుకుని రెండు చివర్లా పెట్టండి. ఉదయం, మధ్యాహ్నం, పడుకునే ముందు అంకెలు మీ అబ్బాయి చేత ఒక నోటుబుక్కులో రాయించండి. వారంపాటు ఆ అంకెలు కదలకుండా నిలిస్తే పెట్టె తయారైనట్టు. వాడు ఆ వారం విసుక్కోకుండా రాశాడంటే పాముని కూడా చూసుకోగలడని నాకు నమ్మకం.

ట్యాంకు సైజు గురించి. 20 గ్యాలన్ల లాంగ్ రకం (30 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు) పిల్ల పాముకి మొదటి ఏడాది బాగానే ఉంటుంది. కానీ కార్న్ స్నేక్ 3 నుంచి 5 అడుగులు పెరుగుతుంది, ఇరవై ఏళ్ళ వరకు బతకగలదు. పెద్దయ్యాక కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు పెట్టె ఇవ్వాలి. ఒళ్ళంతా నిటారుగా చాచుకోలేని పెట్టెలో పాముని ఉంచడం నాకు ఏమాత్రం ఇష్టం ఉండదు. నేరుగా పెద్దదే కొంటే డబ్బు ఆదా కదా అనిపిస్తుంది, కొనొచ్చు కూడా. రెండు జాగ్రత్తలు మాత్రం కావాలి. ఖాళీగా ఉన్న పెద్ద పెట్టెలో పిల్ల పాము బెదిరిపోతుంది కాబట్టి ఆకులు, కొమ్మలు, గూళ్ళతో నింపాలి. జరిపే గాజు తలుపులుంటే రెండు పలకల మధ్య సందు మూయాలి. పెన్సిల్ దూరే సందులోంచి పిల్ల పాము దూరుతుంది. గాజు ట్యాంకుకైతే పైన జాలీ మూత బిగుతుగా కూర్చోవాలి, నాలుగు వైపులా క్లిప్పులు పెట్టాలి. మూత మీద పుస్తకాలు పెట్టడం సరిపోదు, అది తలతో మూలని పైకి నెట్టేస్తుంది. మందారం రాత్రుళ్ళు మూత అంచు వెంట నాలుక ఆడిస్తూ ఒక్కో మూలా తడిమి చూసుకుంటుంది, ఎక్కడైనా కాస్త వదులు తగిలితే అక్కడే ఆగి తల పెట్టి తోస్తుంది. అంత పట్టుదల ఉన్న ప్రాణి అది.

లోపల వేయడానికి ఆస్పెన్ చెక్క తురుము చౌక, శుభ్రం చేయడం తేలిక, పాము అందులో సొరంగాలు చేసుకుంటుంది. రెండు మూడు అంగుళాల మందాన వేయండి. అయితే తడిస్తే బూజు పడుతుంది. కొబ్బరి పొట్టు తేమని బాగా పట్టి ఉంచుతుంది, మేం ఇప్పుడు అదే వాడుతున్నాం. సీడార్, పైన్ చెక్క తురుము మాత్రం వద్దు, వాటి ఘాటు నూనెలు పాముల ఊపిరితిత్తులకి హాని చేస్తాయి. తేమ 40 నుంచి 60 శాతం చాలు.

దాక్కునే గూళ్ళు కనీసం రెండు కావాలి, వేడి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి. ఒక్కటే పెడితే పాము వేడి కావాలా, రక్షణ కావాలా అని తేల్చుకోవాల్సి వస్తుంది, ఎక్కువగా రక్షణే ఎంచుకుని వేడి లేకుండా ఉండిపోతుంది. అలా ఉన్న పాముకి తిన్నది సరిగ్గా అరగదు. గూడు విశాలంగా ఉండాలని అనుకోకండి. ఒంటికి అన్నివైపులా ఆనుకునేంత ఇరుకుగా ఉంటేనే దానికి ధైర్యం. ఇవికాక మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకి బొక్క చేసి, లోపల తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచు పెట్టండి. కళ్ళు పాలరంగులోకి మారి, ఒళ్ళు మసకబారిందంటే కుబుసం విడవబోతోందని అర్థం. అప్పుడు అందులోకే వెళ్ళి కూర్చుంటుంది. ఆ రోజుల్లో దానికి సరిగా కనబడదు, ముట్టుకోకండి, తిండి పెట్టకపోయినా ఫర్వాలేదు. విడిచిన కుబుసం ఒకే ముక్కగా రావాలి. తల దగ్గర చూస్తే కళ్ళ మీది గుండ్రటి పొరలు రెండూ దానితోపాటే వచ్చి ఉండాలి, ఇది ప్రతిసారీ వెలుతురులో పట్టుకుని చూడండి.

నీళ్ళ గిన్నె బరువుగా, అది చుట్ట చుట్టుకుని కూర్చునేంత పెద్దగా ఉండాలి, చల్లటి వైపు పెట్టండి.

ఇక మన ఇళ్ళలో అన్నిటికన్నా పెద్ద సమస్య తిండి. ఫ్రీజ్ చేసిన ఎలుకలు పెట్టాలి, వేరే మార్గం లేదు. ఇంట్లో శాకాహారులున్నా లేకపోయినా వాటికి విడిగా ఒక చిన్న ఫ్రీజర్ కొనండి. మనుషుల ఆహారం ఉండే చోట వాటిని పెట్టకూడదని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా చెబుతుంది. మాది లాండ్రీ గదిలో ఉంటుంది. గరాజ్‌లో పెడదామనుకోకండి, ఇక్కడి వేసవి వేడికి చిన్న ఫ్రీజర్లు నిలవవు. ఎలుకని జిప్ కవర్‌లో ఉంచి, దీనికోసమే కేటాయించిన మగ్గులో వేడినీళ్ళు పోసి అందులో వదలండి. మైక్రోవేవ్ వద్దు. లోపలిదాకా కరిగిందని చూసి, తుడిచి, పొడవాటి పట్టుకారుతో అందించండి. పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటు ఎంత ఉంటుందో అంత, లేదా కాస్త ఎక్కువ లావు ఎలుక సరిపోతుంది. పిల్లకి 5 నుంచి 7 రోజులకి ఒక పింకీ (ఇంకా వెంట్రుకలు రాని ఎలుక పిల్ల), పెద్దదానికి 10 నుంచి 14 రోజులకి ఒక ఎలుక. తిన్నాక రెండు రోజులు చేతిలోకి తీసుకోవద్దు. బతికున్న ఎలుకని లోపల వదలడం నేను ఎవరికీ చెప్పను, అది పాముని కొరికి గాయపరచగలదు.

ఇంటికి తెచ్చిన మొదటి వారం మీ అబ్బాయికి కష్టంగా ఉంటుంది. ముట్టుకోకూడదు, మూత తీసి చూపించడానికి ఫ్రెండ్స్‌ని పిలవకూడదు. నీళ్ళు మార్చడం ఒక్కటే పని. వారం అయ్యాక తిండి పెట్టండి. తినకపోతే టెన్షన్ పడకుండా ఆ ఎలుకని పారేసి, ఉష్ణోగ్రతలు మళ్ళీ కొలిచి, ఇంకో వారానికి ప్రయత్నించండి.

మీ అత్తమామల విషయం. వాళ్ళ భయాన్ని చిన్నచూపు చూడకండి. ఇండియాలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని అంచనా, అందులో ఎక్కువమంది పల్లెల్లో ఉండేవాళ్ళే. కట్లపాము, రక్తపింజరి తిరిగే పొలాల మధ్య పెరిగినవాళ్ళకి ఆ భయమే ప్రాణం కాపాడింది. మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు మందారం ఉన్న గది గడప తొక్కలేదు. ఇది విషం లేని జాతి అనీ, మన జెర్రిపోతు లాంటిదే అనీ చెప్పాను. పెట్టెకి తాళం వేసి తాళంచెవి ఆవిడ చేతికే ఇచ్చాను. నాగుల చవితి నాడు గది బయటే నిలబడి, “దానికి కాసిని పాలు పెట్టకూడదా?” అని అడిగింది. పాముకి పాలు పడవమ్మా, నీళ్ళే తాగుతుంది అన్నాను. “అయితే నీళ్ళన్నా మార్చు” అని, మార్చేదాకా అక్కడే ఉంది. మీరు కూడా ఫోన్లో ఇప్పుడే చెప్పేయండి, వచ్చాక చూసుకుందాం అనుకోవద్దు. పెట్టె వాళ్ళు పడుకునే గదిలోనో హాల్లోనో కాకుండా తలుపు వేసుకోగలిగే గదిలో ఉండాలి.

సాల్మొనెల్లా గురించి కూడా చెప్పాలి. చూడటానికి ఆరోగ్యంగా ఉన్న పాము దగ్గర కూడా ఆ బ్యాక్టీరియా ఉండొచ్చు. అయిదేళ్ళలోపు పిల్లలు, 65 దాటినవాళ్ళు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్ళకి ప్రమాదం ఎక్కువ. మీ మామగారికి ఆ వయసుంటే ముట్టుకోకుండా చూసుకోండి. పాముని గానీ పెట్టెలో దేన్నిగానీ ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. నీళ్ళ గిన్నెని వంటింటి సింక్‌లో కడగకూడదు.

కరెంటు పోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్ళు చీకటైనప్పుడు మందారాన్ని గుడ్డసంచిలో పెట్టి, ఆ సంచిని థర్మాకోల్ పెట్టెలో ఉంచి, పక్కన తువ్వాలులో చుట్టిన గోరువెచ్చని నీళ్ళ సీసాలు పెట్టాం. కార్న్ స్నేక్‌లు కొద్దిరోజుల చలిని తట్టుకుంటాయి. ఆ సమయంలో తిండి మాత్రం పెట్టకూడదు, వేడి లేక కడుపులో కుళ్ళిపోతుంది.

కొనేటప్పుడు పెంపకంలో పుట్టిన పిల్లనే అడగండి, అది ఏమేం తిన్నదో రాసిన చిట్టా చూపించమనండి. ఇక్కడ దుకాణంలోనో బ్రీడర్ దగ్గరో కొన్న కార్న్ స్నేక్‌కి టెక్సాస్‌లో ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు, మీ లీజులో పెంపుడు జంతువుల షరతు మాత్రం చదువుకోండి. ఇది చదివే వేరే రాష్ట్రాలవాళ్ళు ఆగి కనుక్కోండి. జార్జియాలో ఇది స్థానిక జాతి కాబట్టి పెంచుకోవడం నిషేధం, హవాయిలో ఏ పామూ పనికిరాదు, న్యూజెర్సీలో పర్మిట్ కావాలి. ఇండియాలో ఉన్నవాళ్ళైతే జెర్రిపోతునో ఇంకో మన పామునో పట్టి పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఆ ఆలోచనే వద్దు.

పాముల్ని చూసే వెట్‌ని కూడా ఇప్పుడే వెతికి పెట్టుకోండి, కుక్కల్నీ పిల్లుల్నీ చూసేవాళ్ళందరూ వీటిని చూడరు. పెట్టె సిద్ధమయ్యాక వారం రోజుల అంకెలు, ప్రోబ్ పెట్టిన చోటు ఫొటో ఇక్కడ పెట్టండి. చూసి ఏమైనా మార్చాలంటే చెబుతాను.