అమ్మ నడుము కింద ఎర్రమచ్చ

ప్రశ్న: పక్షవాతంతో అమ్మ తొమ్మిది రోజులుగా ఆసుపత్రిలో ఉంది. నడుము కింద ఎర్రమచ్చ వచ్చింది. అడిగితే ‘మామూలే’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మామూలు కాదమ్మా. ముప్పై ఏళ్లు వార్డులో నర్సుగా చేశాను. వేలితో నొక్కి వదలండి. తెల్లబడకపోతే పడక పుండు (బెడ్‌సోర్) మొదలైనట్టే. చామనఛాయ ఒంటిపై ఎరుపు సరిగా కనబడదు, వెచ్చగా, గట్టిగా తగులుతుందేమో చూడండి. అక్కడ రుద్దొద్దు. రెండు గంటలకోసారి అమ్మను మరో పక్కకు తిప్పాలి, ఎయిర్ బెడ్ ఉన్నా సరే. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడండి. తిప్పిన టైము రాసే కాగితాన్ని నేను మంచానికే కట్టేదాన్ని.

ఈరోజే డ్యూటీ డాక్టర్‌కు మచ్చ చూపించి కేస్ షీట్‌లో రాయించండి. అప్పటికీ సిబ్బంది కదలకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, నకలుపై సంతకం తీసుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. భయపడకుండా అడగండి.