ఏడో తరగతి ఇంగ్లీషు చదువు: పాఠం అందిందో లేదో ఎలా తేల్చుకోవాలి?

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో కొత్తగా చేరిన ఉపాధ్యాయురాలు ఒకరు అడిగారు: ఏడో తరగతిలో 40 మంది ఉన్నారు, కొందరికి అక్షరాలే రావు, కొందరు గడగడా చదువుతారు కానీ అర్థం చెప్పలేరు, ఇంగ్లీషు చదివించే పాఠాన్ని ఎలా రూపొందించాలి, అది ఫలించిందని ఎలా తెలుస్తుంది?

మేడమ్, స్కూల్ అసిస్టెంటుగా 16 ఏళ్లు ఈ తరగతులకే ఇంగ్లీషు చెప్పినవాడిగా నా సలహా ఒకటే. పిల్లవాడికి అర్థమైందని దేన్ని చూసి నమ్ముతారో ముందు నిర్ణయించుకుని, ఆ తర్వాతే పాఠ్యప్రణాళిక రాయండి. మొదట్లో నేను ప్రణాళిక నిండుగా రాసి, పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు రాయించి, అవి సరిపోతే పాఠం అయిపోయిందనుకునేవాణ్ణి. 'వై వజ్ ద ఫార్మర్ యాంగ్రీ?' అని అడిగితే, 'యాంగ్రీ' అనే మాట ఉన్న వాక్యాన్ని వెతికి దించేయడం పిల్లలకు తెలుసని, అందుకు ఆ మాటకు అర్థం కూడా తెలియనక్కరలేదని చాలా ఆలస్యంగా గ్రహించాను.

నా కళ్లు తెరిపించినది ఒక చిన్న వాక్యం: 'హి లెఫ్ట్ బిఫోర్ ద బస్ కేమ్.' బాగా చదివే అమ్మాయి తప్పు లేకుండా చదివి, 'అతను వెళ్లే ముందు బస్సు వచ్చింది' అని తెలుగులో చెప్పింది. ప్రతి మాటకూ అర్థం తెలుసు, కానీ జరిగిన క్రమం తలకిందులైంది. తెలుగులో 'ముందు' అనే మాట తాను చెప్పే పనికి తర్వాత వస్తుంది, ఇంగ్లీషులో 'బిఫోర్' ఆ పనికి ముందే వస్తుంది. ఆమె మన పద్ధతిలోనే 'బిఫోర్'ను దానికి ముందున్న 'లెఫ్ట్' అనే పనికి అతికించింది. ఉచ్చారణకు మార్కులు వేసి ఊరుకుంటే ఈ పొరపాటు ఎప్పటికీ బయటపడదు.

అందుకే చదివినదాన్ని తెలుగులో చెప్పించడమే నా ప్రధాన పరీక్ష అయింది. ఇంగ్లీషు పీరియడులో తెలుగు వినిపిస్తోందని తనిఖీకి వచ్చిన ఒక అధికారి అభ్యంతరం చెప్పారు కానీ, పిల్లలు చెప్పేది విన్నాక ఆయనే మెత్తబడ్డారు.

పాఠానికి వంద మాటలకు మించని పేరా చాలు. కొత్త మాటలు నాలుగైదు మించితే పేరా మార్చండి. రెండు రాష్ట్రాల్లోనూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఉన్నాయి కాబట్టి, సామాన్యశాస్త్రంలోని ఒక పేరా తీసుకుని, ఎదురు పేజీలోని తెలుగును కాగితంతో మూయించి, ఇంగ్లీషు చదివి తమ మాటల్లో పక్కవాడికి చెప్పాక కాగితం తీసి ఇద్దరూ సరిచూసుకోమనండి. పక్కవాడి తప్పును పట్టుకోవడానికైనా పిల్లలు రెండోసారి చదువుతారు!

రోజుకు ఐదుగురి చొప్పున విడిగా వింటే 8 రోజుల్లో తరగతి పూర్తవుతుంది. వంద మాటల్లో తప్పులు ఐదు లోపుంటే ఆ పేరాను సొంతంగా చదవగలరని, పది దాటితే అది వారికి బరువని లెక్క. నా నోటుపుస్తకంలో పేరు పక్కన ఒక్క అక్షరమే ఉండేది: అక్షరాలు కలపలేకపోతే 'చ', మాట తెలియకపోతే 'ప', మాటలు తెలిసీ వాక్యం తప్పితే 'వా'. సగం మందికి పైగా 'వా' పడితే లోపం పిల్లలది కాదు, నా పాఠానిది. మర్నాడు అదే నిర్మాణంతో కొత్త వాక్యాలు రాసి మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. వారం తర్వాత అవే మాటలతో కొత్త పేరా రాసి, అక్కడక్కడా మాట తీసేసి ఖాళీలు పూరించమంటే, ఎంత నిలిచిందో తెలుస్తుంది.

ఇక అక్షరాలే రానివారి సంగతి. ఈ పాఠంతో వారి సమస్య తీరదు. వారికి రోజూ పావుగంట విడిగా అక్షరాలూ ధ్వనులూ నేర్పాల్సిందే. అయితే పేరాను మీరు చదివి వినిపించి, విన్నది తెలుగులో చెప్పే అవకాశం వారికీ ఇవ్వండి. నా తరగతిలో 'చ' గుర్తు పడిన ఇద్దరు, విని చెప్పడంలో అందరికన్నా ముందుండేవారు.